వెనక బండికి కరెంటెవరిస్తారు?

మా చిన్నప్పుడు ఊళ్ళో పశువుల సంతకి బయల్దేరే ఎడ్లబండి వెనక, అమ్మకానికి తోలుకెళ్ళే దూడని పలుపుతో కట్టేవాళ్ళు. దూడ నడిచేది తన కాళ్ళ మీదే, దారి మాత్రం ఎడ్లది. 2023 జూలైలో మా మోటర్‌హోమ్ వెనక కారు తగిలించినప్పుడు నాన్నగారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దూడని కట్టావన్నమాట. మరి దాని మేత సంగతేంటి?" అన్నారు. అందరం నవ్వేశాం. ఆయన ఆ మాట హాస్యానికి అనలేదని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మోటర్‌హోమ్‌ల జోలికి పోనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి అసలు విషయంలోకి వస్తాను. 2020 తర్వాత ఇంట్లోంచే పని చేసుకునే రోజులొచ్చాక మనవాళ్ళలో కూడా కొందరు వీటిని కొన్నారు. నేను కొన్నది మా అమ్మానాన్నల కోసం. వాళ్ళు ఆరు నెలలకని ఇండియా నుంచి వస్తారు. హోటళ్ళలో తిండి పడదు, రెండు గంటలకొకసారి బాత్రూమ్ వెతుక్కోవాలి, కారులో పది గంటలు కాళ్ళు మడుచుకుని కూర్చోలేరు. మోటర్‌హోమ్ అయితే అమ్మ తన కుక్కరు తను పెట్టుకుంటుంది, నాన్నగారు కాళ్ళు చాపుకుని కిటికీలోంచి అమెరికాని చూస్తారు. అంతా బాగానే ఉంటుంది, దాన్ని ఒకచోట నిలబెట్టేదాకా. నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం, కరెంటు తీగ తగిలించి, పక్క గదులు బయటికి జరిపాక, అది బండి కాదు, ఇల్లు. పాల ప్యాకెట్టు కోసం ఇంటిని వేసుకుని కొట్టుకెళ్ళలేం కదా. అందుకే వెనకాల ఓ చిన్న కారు. నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఆనేలా టౌ బార్‌తో తగిలించి లాక్కెళ్ళే పద్ధతి ఇక్కడ బాగా వాడుకలో ఉంది. అలా లాగబడే కారుని ముద్దుగా 'టోడ్' అంటారు. లాగబడేది అనే ఇంగ్లీషు మాటకీ, కప్ప అనే మాటకీ ఉచ్చారణ ఒకటే కావడం వల్ల వచ్చిన శ్లేష. మా కప్ప 2013 హోండా సీఆర్-వీ. ఆ వరసలో 2014 మోడల్‌దాకా ఇలా లాగడానికి కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు, 2015లో గేరుబాక్సు మార్చాక వద్దన్నారు.

డెన్వర్ నుంచి ఎల్లోస్టోన్‌కి బయల్దేరాం. మొదటి రోజు క్యాస్పర్ మీదుగా థెర్మోపొలిస్‌దాకా, వయోమింగ్ గాలికి స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఎనిమిది గంటలు. లాగే ముందు ప్రతిసారీ కారు ఇంజను స్టార్ట్ చేసి, గేర్లు ఒక వరసలో మార్చి, న్యూట్రల్‌లో కాసేపు తిరగనిచ్చి, ఆపి, తాళంచెవిని ఏసీసీ దగ్గర వదిలెయ్యాలి. రోజులో ఎనిమిది గంటలు మించితే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. ఇదంతా మాన్యువల్‌లో ఉన్నదే. రెండో రోజు పొద్దున్న థెర్మోపొలిస్‌లో ఆ తంతు చేస్తుంటే ఇంజను కొంచెం బద్ధకంగా, మూలుగుతూ అందుకుంది. చలికేమో అనుకున్నాను. జూలై నెలలో! మన సర్వర్ ఒకటి పొద్దున్నే నెమ్మదిగా జవాబిస్తే లాగ్ ఫైళ్ళు తిరగేసే మనిషిని, ఇక్కడ మాత్రం 'అందుకుంది కదా' అని ఊరుకున్నాను.

కోడీ దగ్గర భోజనం, తూర్పు ద్వారం, ఎనిమిదిన్నర వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న సిల్వన్ పాస్, అక్కణ్ణుంచి సరస్సు వైపు దిగుడు. సాయంత్రానికి ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు చేరాం. గ్రిజ్లీ ఎలుగుబంట్ల భయం వల్ల అక్కడ గుడ్డ డేరాలు వెయ్యనివ్వరు, గట్టి గోడల బండ్లకే చోటు. గొట్టాలన్నీ తగిలించుకుని, పప్పూ అన్నం తిని, పడుకోబోతుంటే అమ్మకి ఆయాసం మొదలైంది. మామూలుగా ఉబ్బసం లేని మనిషి. కృష్ణా జిల్లాలో అరవై ఏళ్ళు గడిపి రెండు రోజుల్లో ఏడున్నర వేల అడుగుల పైకి ఎక్కించాను, ఆశ్చర్యమేముంది. నాలుగు మైళ్ళలోపే లేక్ అనే చోట ఓ చిన్న క్లినిక్ ఉందని బోర్డు చూసిన గుర్తు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. కారు తాళం తిప్పాను. ఏమీ లేదు. టకటకమనే చప్పుడు కూడా లేదు, లోపలి దీపం కూడా వెలగలేదు.

మోటర్‌హోమ్‌నే తియ్యాలంటే గొట్టాలు ఊడదీసి, గదులు లోపలికి జరిపి, చీకట్లో ముందున్న చెట్టు తప్పించి బయటికొచ్చేసరికి అరగంట. పక్క స్థలంలో మొంటానా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, రిటైరైన ఎలక్ట్రీషియన్, మా హడావుడి చూసి ఏమైందని కూడా సరిగ్గా అడక్కుండా తన పికప్ తలుపు తీశాడు. క్లినిక్‌లో ఆక్సిజన్ చూసి, కాసేపు కూర్చోబెట్టి, నీళ్ళు బాగా తాగి రెండు రోజులు నెమ్మదిగా ఉండమని పంపించారు. అమ్మకి ఏమీ కాలేదు. కానీ ఆ అరగంటలో నా బుర్రలో తిరిగింది ఒకటే. ఆ కారు కొనేటప్పుడు మా ఆవిడతో నేను అన్న మాట, "ఏదైనా అవసరమొస్తే ఆసుపత్రికి వెళ్ళడానికి ఉంటుంది" అని.

మర్నాడు పొద్దున్న పెద్దాయన మల్టీమీటరు పట్టుకుని వచ్చాడు. నాన్నగారు అప్పటికే కారు బానెట్టు తెరిచి నిలబడి ఉన్నారు. మా నాన్నగారు ఎలక్ట్రిసిటీ బోర్డులో లైన్‌మన్‌గా చేరి, నూజివీడు వైపు పల్లెల్లో స్తంభాలెక్కీ దిగీ, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఈయనకి తెలుగు రాదు. మీటరు ఇద్దరికీ వచ్చు. బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. పెద్దాయన నన్ను మోటర్‌హోమ్ ఇంజను స్టార్ట్ చెయ్యమని, వెనకవైపున్న ఏడు కాళ్ళ సాకెట్టులో ఒక్కో కాలూ చూశాడు. ఒకదాంట్లో 14.1 వోల్టులు. తర్వాత కారు ముందు బంపరు కింద ఉన్న సాకెట్టు వెనక్కి టార్చి వేసి చూపించాడు. అక్కడికి వచ్చి చేరిన తీగలు నాలుగు. ఎడమ దీపం, కుడి దీపం, వెనక దీపాలు, ఎర్త్. ఆ 14.1 వోల్టులు రావలసిన కాలికి అవతల తీగే లేదు. పోర్టు తెరిచే ఉంది, వినేవాడే లేడు.

నేను అన్నాళ్ళూ అనుకున్నదేమిటంటే, ముందు బండి నుంచి వెనక బండికి కేబుల్ ఉంది కాబట్టి కరెంటు ముందు నుంచే వస్తోందని. సగం నిజమే. మోటర్‌హోమ్ బ్రేకు నొక్కితే కారు వెనక ఎర్రదీపాలు ముందు బండి కరెంటుతోనే వెలుగుతాయి. ఆ కరెంటు కారు సర్క్యూట్లలోకి ఎదురు పారకుండా మధ్యలో డయోడ్లు కూడా పెట్టారు. అది చూసి తృప్తిపడ్డాను. మిగతా అవసరాలన్నిటికీ కారు తన బ్యాటరీనే నమ్ముకుని ఉందన్న సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పైగా కారు కదులుతోంది కదా, కదిలే కారు బ్యాటరీని తనే నింపుకుంటుందన్న భావన మనలో ఎంత పాతుకుపోయిందంటే, ఆల్టర్నేటరు తిరిగేది ఇంజనుతో గాని చక్రాలతో కాదని అరవై మైళ్ళ వేగంతో లాక్కెళ్తున్నంతసేపూ తట్టలేదు.

మరి ఇంజను ఆగిన కారు అంత కరెంటు ఏం తాగుతుంది? తాళం తీసేస్తే స్టీరింగ్ బిగుసుకుపోతుంది, అందుకని ఏసీసీలో ఉంచాలి. ఏసీసీలో ఉంచితే ఆ సర్క్యూట్ల మీదున్న పెట్టెలన్నీ మేలుకుని కూర్చుంటాయి. దాని మీద నేను చేర్చిన బరువు ఒకటుంది. డ్రైవరు సీటు ముందు నేల మీద పెట్టే బ్రేకు పెట్టె. మోటర్‌హోమ్ వేగం తగ్గినప్పుడు అది గ్రహించి కారు బ్రేకు పెడల్ని చేత్తో నొక్కినట్టు నొక్కుతుంది. సిగరెట్ లైటరు సాకెట్టు నుంచి కరెంటు తీసుకుంటుంది. తర్వాత ఇంటికొచ్చి కొలిచాను, నా కారులో ఇవన్నీ కలిపి సగటున 3 ఆంపియర్ల చిల్లర. బ్రేకు నొక్కిన క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. ఆ కారు బ్యాటరీ చిన్నది, 45 ఆంపియర్-అవర్ల దరిదాపు. మొదటి రోజు ఎనిమిది గంటలకి 24 పోయాయి. సగం పైగా ఖాళీ. అందుకే ఆ మూలుగు. రెండో రోజు ఇంకో నాలుగైదు గంటలు, దాంట్లో ఒక కొండ దిగుడు. రెండో తరగతి లెక్క. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడికి వేళ్ళ మీద వెయ్యాలని తోచలేదంతే.

లెక్క వేశాక గుర్తొచ్చిన విషయం మాత్రం ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. ఆ బ్రేకు పెట్టెకి జంటగా మోటర్‌హోమ్ డాష్‌బోర్డు మీద చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. వెనక బ్రేకు పడినప్పుడల్లా అది కీచుమంటుంది. సిల్వన్ పాస్ దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట ఆ కీచు ఆగిపోయింది. ఎక్కడో నాకు తెలియదు. మలుపులూ సరస్సూ చూస్తూ దాన్ని పట్టించుకోలేదు, చప్పుడు లేదంటే అంతా బాగుందనే అనుకున్నాను. అంటే సుమారు 3,500 పౌండ్ల బరువు బ్రేకు లేకుండా మా వెనక నుంచి తోస్తూ దిగింది. అంతకంటే ఘోరం, టౌ బార్ ఊడిపోతే కారు తనంతట తను ఆగడానికి ఒక పిన్ను ఉంటుంది, అది లాగబడితే కారు బ్రేకులు పడతాయి. నా అమరికలో ఆ బ్రేకులు వెయ్యాల్సిందీ ఆ పెట్టే, అది వెయ్యాల్సిందీ అదే బ్యాటరీతో. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన దాన్ని లాగితే విడిగా బ్రేకులుండాలని చట్టం. కాగితం మీద మాకు ఉన్నాయి. కొండ దిగేటప్పుడు లేవు.

అందుకే ఈ బ్యాటరీ సంగతిని సౌకర్యం కింద జమకట్టేవాళ్ళతో నాకు పేచీ. "జంప్ స్టార్ట్ చేసే లిథియం పెట్టె ఒకటి పడేసుకోండి, వంద డాలర్లతో పోతుంది" అని మిత్రులు చాలామంది సలహా ఇచ్చారు. పడేసుకున్నాను, ఇప్పటికీ ఉంది. కానీ అది పనికొచ్చేది దిగాక. కొండ మీద బ్రేకు లేని సమయంలో అది కారు డిక్కీలో నిద్రపోతూ ఉంటుంది.

మూడు గంటలకొకసారి ఆగి కారు ఇంజను పది నిమిషాలు తిప్పమని ఇంకో సలహా. ఇదీ లెక్క వేద్దాం. నిలకడగా తిరిగే ఇంజను నుంచి అలిసిన బ్యాటరీలోకి 15 ఆంపియర్లు వెళ్తాయని ఉదారంగా అనుకున్నా, పది నిమిషాలకి చేరేది రెండున్నర ఆంపియర్-అవర్లు. మూడు గంటల్లో పోయినవి తొమ్మిది. ఇంజను తిప్పమని మాన్యువల్‌లో రాసింది గేరుబాక్సులో నూనె సర్దుకోవడానికి, బ్యాటరీ నింపడానికి కాదు. ఫ్యూజు పీకెయ్యమని మూడో సలహా. కొన్ని కార్లకి కంపెనీవాళ్ళే అలా చెప్తారు, ఆ కార్లకి అది చెయ్యాల్సిందే. నా కారులో లైటరు సాకెట్టు ఫ్యూజు పీకితే బ్రేకు పెట్టె కూడా చచ్చిపోతుంది. అదీగాక ప్రతిసారీ గుర్తుపెట్టుకుని పీకి, ప్రతిసారీ గుర్తుపెట్టుకుని పెట్టడం. మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన ఏ పద్ధతైనా ప్రొడక్షన్‌లో ఎన్నాళ్ళు నిలుస్తుందో మనకి తెలియంది కాదు. బ్యాటరీ నెగటివ్ తీగకి స్విచ్చి పెట్టడం కూడా అంతే. సోలార్ పలక మంచిదే, కారు నెలల తరబడి నిలబడి ఉన్నప్పుడు. 50 వాట్ల పలక మిట్టమధ్యాహ్నం సూర్యుడికి ఎదురుగా ఉంటే 3 ఆంపియర్లు. డాష్‌బోర్డు మీద, అద్దం వెనక, మబ్బు పట్టినరోజు ఎంతో మీరే ఊహించుకోండి.

మిగిలింది ఒకటే, ముందు బండి ఆల్టర్నేటరు నుంచి వెనక బండి బ్యాటరీదాకా ఒక తీగ. వినడానికి దీనంత సులువైనది లేదు, చెడగొట్టడానికీ దీనంత సులువైనది లేదు. ఇంటికొచ్చిన వారమే నేను కొట్టుకెళ్ళి 14 గేజ్ తీగ చుట్ట ఒకటి తెచ్చాను. నాన్నగారు చుట్ట చేతిలోకి తీసుకుని, తీగని వేళ్ళ మధ్య నలిపి చూసి అడిగారు.

"ఎంత దూరం లాగుతావురా?"

"బండి పొడుగు 31 అడుగులు, మధ్యలో బార్, కారు బ్యాటరీ ముందు భాగంలో ఉంది కదా, వంపులతో కలిపి అరవై అడుగులు ఉంటుందేమో నాన్నగారూ."

"వెళ్ళడం అరవై. రావడం?"

రావడం నేను లెక్కలో వేసుకోలేదు. ఎర్త్ అంటే మనకి ఎక్కడో కింద ఊరికే ఉండేది.

"ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న బోరుకి ఉన్న ఓల్టేజీ లైను చివరి బోరుకి ఉండదురా. చివరివాడి మోటారు ఎన్నిసార్లు కాలేదో తెలుసా? ఓల్టేజీ పడితే మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగు కాలుతుంది. వాడొచ్చి నన్ను తిట్టేవాడు. తప్పు నాది కాదు, మోటారుదీ కాదు, తీగది. నీ కారు లైను చివరి మోటారు."

కూర్చుని కాగితం మీద వేశాం. 14 గేజ్ రాగితీగకి వెయ్యి అడుగులకి రెండున్నర ఓముల నిరోధం. అరవై అడుగులకి 0.15, రానూపోనూ 0.3. దాంట్లో 3 ఆంపియర్లు పారితే 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 14.1లో 13.2 మిగులుతుంది. పూర్తిగా నిండిన బ్యాటరీ విశ్రాంతిలో చూపించేది 12.7 లోపు కాబట్టి, 13.2 అంటే పరవాలేదు, బ్యాటరీ ఖాళీ అవ్వదు. ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ తీగ పని ఖాళీ బ్యాటరీని నింపడం కాదు, నిండిన బ్యాటరీని దిగజారకుండా కాపాడటం. కారు తాగే 3 ఆంపియర్లని మోటర్‌హోమ్ భరిస్తే చాలు. బ్రేకు నొక్కిన క్షణంలో కావలసిన ఎక్కువ కరెంటు బ్యాటరీ ఇస్తుంది, తర్వాత తీరిగ్గా తీగ పూడుస్తుంది.

అయితే మరీ లావు తీగ వేస్తే పీడా విరగడవుతుంది కదా అన్నాను. దానికీ ఒక మెలిక ఉంది. 10 గేజ్ వేస్తే రానూపోను నిరోధం 0.12 ఓములు. ఎప్పుడైనా సగం చచ్చిన బ్యాటరీని, 12 వోల్టుల దగ్గరున్నదాన్ని, తగిలిస్తే ఒక్కసారిగా 17 ఆంపియర్లు పరిగెడతాయి. 15 ఆంపియర్ల ఫ్యూజు పోతుంది, పోయిందని నీకు తెలియదు, మళ్ళీ మొదటికొస్తాం. 12 గేజ్‌కి నిరోధం 0.19 దాకా వస్తుంది. మామూలప్పుడు కారు దగ్గర 13.5 వోల్టులు, చచ్చిన బ్యాటరీ తగిలించినా 11 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. ఫ్యూజు బతుకుతుంది. 14 గేజ్ చుట్ట వాపసు ఇచ్చి 12 తెచ్చాను. ఈ అంకెలు నా బండి పొడుగుకీ నా కారు దాహానికీ సరిపోయినవి. నలభై అడుగుల డీజిల్ బండి ఉన్నవాళ్ళు మళ్ళీ వేసుకోవాలి. రెండు బండ్ల మధ్య వేలాడే ఆ చుట్టల కేబుల్లో తీగలు సన్నగా ఉంటాయి, సాకెట్టు కాళ్ళకి తుప్పు పడుతుంది. కాగితం మీద పోయే ఓల్టేజీకి ఇది అదనం. ఏడాదికోసారి కాళ్ళు రుద్ది శుభ్రం చెయ్యడం తప్పదు.

ఫ్యూజు ఒకటి కాదు, రెండు కావాలి. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన చాలా అమరికల్లో ముందు బండి దగ్గర ఒక్కటే ఉంది. మామూలు తీగకి కరెంటు ఒకవైపు నుంచే వస్తుంది. దీనికి రెండు కొసలా బ్యాటరీలే. మధ్యలో ఎక్కడో తీగ ఒరుసుకుని ఇనుముకి తగిలిందనుకోండి, ముందు ఫ్యూజు పోయినా కారు బ్యాటరీ వెనక నుంచి ఆ మంటకి కరెంటు ఇస్తూనే ఉంటుంది. కాబట్టి రెండు బ్యాటరీల దగ్గరా, తీగ మొదలైన చోటే, చెరొక ఫ్యూజు. నాన్నగారు దీన్ని వివరించమని కూడా అడగలేదు, "రెండు వైపులా సప్లై ఉన్న లైను ముట్టుకోకూడదురా" అని ఊరుకున్నారు.

ఇంకొకటి, మోటర్‌హోమ్ ఇంజను ఆగినప్పుడు కరెంటు ఎదురు పారకూడదు. లేకపోతే రాత్రి భోజనానికి ఆగిన చోట ముందు బండి దీపాలన్నీ వెనక బండి బ్యాటరీని తాగేస్తాయి. డయోడు పెడితే పని జరుగుతుంది గాని అది తన వాటా కింద అర వోల్టు దరిదాపు మింగుతుంది. ఓల్టేజీ కోసం ఇంత తాపత్రయపడి అర వోల్టు దానం చెయ్యడం నాకు నచ్చలేదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే కలిసే రిలే పెట్టాను. కొత్త చాసీల్లో, ముఖ్యంగా స్ప్రింటర్ లాంటి వాటిల్లో, ఆల్టర్నేటరు ఇంధనం ఆదా చెయ్యడానికి తన ఓల్టేజీని తనే తగ్గించుకుంటూ ఉంటుంది. అలాంటివాటికి ఉత్త తీగ చాలదు. వచ్చిన ఓల్టేజీని పెంచి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జరు కావాలి. సర్దుబాట్లు ఇష్టంలేనివాళ్ళు మొదటే అది కొనుక్కుంటే ఈ గేజుల రామాయణం సగం తప్పుతుంది. నేను తీగ పక్షం, ఎందుకంటే చెడితే రోడ్డు పక్కన మీటరు పెట్టి నేను చూసుకోగలను.

చివర్లో పెట్టిన వస్తువు అన్నిటికంటే చవకది, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా. కారు బ్యాటరీ ఓల్టేజీని డ్రైవరు ముందు అంకెల్లో చూపించే చిన్న వైర్‌లెస్ మీటరు. మొదటిసారి కీచు ఆగిపోతే నాకు తెలియలేదు. నిశ్శబ్దంలో మంచీ చెడూ ఒకేలా ఉంటాయి. అంకె అలా కాదు. 13.4 అని కనబడితే బాగుంది, 12.5 అని కనబడితే తర్వాతి ఎగ్జిట్‌లో దిగుతాను.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ఈ మొత్తం సామాను వంద డాలర్ల చిల్లరలో వచ్చింది, పని ఒక శనివారం. టౌ బార్, కారు ముందు బిగించే ఇనుప చట్రం, దీపాల తీగలు, బ్రేకు పెట్టె, బిగింపు కూలీ అన్నీ కలిపి నేను అంతకుముందు ఇచ్చింది కొన్ని వేలు. అంత ఇచ్చినచోట ఆ ఐదో తీగ ఎందుకు వెయ్యలేదు? బిగించిన షాపుకి వెళ్ళి మర్యాదగానే అడిగాను. "మీరు అడగలేదు" అన్నారు. నిజమే. మోటర్‌హోమ్ తయారుచేసినవాళ్ళు సాకెట్టులో కరెంటు ఇచ్చారు, వాళ్ళ పని అయిపోయింది. కారువాళ్ళు మాన్యువల్‌లో తాళం ఎక్కడ ఉంచాలో రాశారు, వాళ్ళ పనీ అయిపోయింది. బ్రేకు పెట్టెవాళ్ళు 12 వోల్టుల సాకెట్టులో పెట్టమన్నారు. షాపువాళ్ళు దీపాలు వెలుగుతున్నాయని చూపించి సంతకం పెట్టించుకున్నారు. ఎవరి మాడ్యూలు వాళ్ళ దగ్గర పరీక్ష పాసైంది. ఎనిమిది గంటలు కలిపి నడిపి చూసినవాడు లేడు. పదేళ్ళుగా నేను క్లయింట్ల దగ్గర డబ్బు తీసుకుంటున్నది సరిగ్గా ఈ సందుల్లో పడిపోయే వాటిని పట్టుకోవడానికే, నా ఇంటి పనిలో మాత్రం సంతకం పెట్టి వచ్చేశాను.

దీన్ని కొన్నవాడి అజ్ఞానం కింద కొట్టిపారెయ్యడం అన్యాయం అని నా వాదన. జంప్ స్టార్టు పెట్టె కొనుక్కోవాలా వద్దా అన్నది కొన్నవాడి ఇష్టం. బ్రేకుకి కరెంటు ఎక్కడ్నుంచి వస్తుందన్నది ఇష్టాయిష్టాల విషయం కాదు. కారు బ్యాటరీ మీద ఆధారపడే బ్రేకు అమ్మినవాడు, ఆ బ్యాటరీని నిలబెట్టే తీగ లేకుండా దాన్ని బిగించకూడదు, కొన్నవాడు వద్దన్నా సరే. కొన్ని బ్రేకులు కారులో శాశ్వతంగా బిగించే రకాలుంటాయి, అవి తక్కువ కరెంటు వాడతాయి. వాటి విషయంలో ఈ ప్రమాదం తక్కువే. అయినా తాళం ఏసీసీలో ఉన్నంతకాలం మిగతా దాహం ఎక్కడికీ పోదు.

మనవాళ్ళలో ఎవరైనా ఈ వేసవికి ఇలాంటి అమరిక చేయించుకుంటుంటే, డబ్బు కట్టే ముందు షాపులోనే మోటర్‌హోమ్ ఇంజను ఆన్ చేయించి, కారు తగిలించి, కారు బ్యాటరీ దగ్గర మీటరు పెట్టమనండి. ఇంజను ఆపి ఉన్నప్పటికంటే అంకె పెరగాలి. పెరగకపోతే ఆ తీగ లేనట్టే, కాగితంలో ఏం రాసి ఉన్నా. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఎత్తు కూడా నెమ్మదిగా ఎక్కించండి, దానికి నా దగ్గర ఫ్యూజు లేదు.

మా సీఆర్-వీకి పన్నెండేళ్ళు దాటాయి. దాని తర్వాత ఏం కొనాలన్నది ఇంట్లో చర్చ. ఎలక్ట్రిక్ కార్లలో నాలుగు చక్రాలూ ఆనించి లాగడానికి ఒప్పుకునేవి వెతికి పట్టుకోవాలి. టెస్లావాళ్ళయితే కచ్చితంగా వద్దంటారు. ఒప్పుకునే పెట్రోలు కార్లలో కూడా ఇప్పుడు పవర్ స్టీరింగ్ కరెంటుదే. లాగేటప్పుడు చక్రాలు ఊగిపోకుండా ఆ స్టీరింగుకి కరెంటు అందుతూనే ఉండాలని, దానికో ప్రత్యేకమైన తీగల కిట్టు కూడా కొన్ని జీప్ మోడళ్ళకి వచ్చింది. అంటే రేపటి దూడకి ఇంకా ఎక్కువ మేత కావాలి. 12 గేజ్ తీగ దానికి చాలకపోవచ్చు. మొన్న ఆదివారం ఫోన్లో నాన్నగారికి ఇదంతా చెప్తే, కారు రంగూ ధరా ఏమీ అడగలేదు. బ్యాటరీ ముందుందా, వెనకుందా అని అడిగారు.